ఎత్తుగీతి

సూర్ పట్నంల శుక్రవారం నమాజయినంక
ముసల్లం మిద్దెమీద పొయ్యి అంటుకుంటది.
నేను టైర్ల షాపుల నుంచి సంచి మోసుకపోత:
వారమంతా చక్రాల అంచులకు ఊడబీకిన సీసం బిళ్ళలు,
బూడిద రంగువి, గోరుతో గీస్తే మెరుస్తయి.
కొత్త కార్లకు ఇనుప బిళ్ళలేస్తున్నరు,
ఈ మధ్య సంచి తేలికయింది.

ఇనుప చట్టిల పోసి మూత పెడ్తడు.
చానాసేపు ఏమీ కాదు.
తర్వాత ఒక మూల కుంగుతది
అలిగిన పిల్ల మెత్తబడ్డట్టు,
ఇంక అంతే, చట్టి నిండా అద్దం.
ఇనుప కొక్కేలు పైకి తేలుతయి, గరిటెతో ఏరేస్తడు.
మైనం ముక్క వేస్తడు, భగ్గుమంటది,
మసి తెట్టు పక్కకు నూకుతడు.
పొగ పోయే దిక్కున నన్ను నిలబడనియ్యడు.
చెమట చుక్క పడ్డా చాలు, పేలుతదని
పోసే ముందు నా నుదురు తానే తుడుస్తడు
భుజం మీది తువ్వాలతో.

అచ్చు వాళ్ళ తాతది.
పట్టకారు లెక్క ఉంటది, నోట్లె రెండు గుంటలు,
కొండల మీద మనిషికో తుపాకి ఉన్న కాలానిది.
ఆ తుపాకి ఇప్పుడు మస్కట్‌ల, కొడుకు ఇంట్ల,
సోఫా మీది గోడకు వేలాడుతున్నది.
మరి గుండ్లెందుకని మొదటి వారం అడిగిన.
"చెయ్యి మర్చిపోతది" అన్నడు.
కాఫీ డబ్బాల దాస్తడు. డబ్బా నిండితే
మళ్ళా కరగబెడ్తడు.
నాలుగైదు మాత్రం నడుమ బెజ్జం పొడిచి నాకిస్తడు
గాలపు తాడుకు బరువు కట్టుకొమ్మని.

మొదటి రెండు గుండ్లెప్పుడూ ముడతలే.
అచ్చు చల్లగుంటే గుండు ముసలిదై పుడ్తది.

రసాస్, అంటడు దాన్ని.
వాళ్ళ మాటల్ల సీసమన్నా తూటా అన్నా అదే.
మా మాటల్ల సీసమంటే పద్యం గూడ, అని
నాకొచ్చిన అరబ్బీ ముక్కల్ల చెప్పిన.
నమ్మలేదు. గరిటె ఆగింది ఒక్క గడియ.

మా నాయన చిందు ఆటగాడు.
రాత్రి రెండింటికి, పిల్లలు తల్లుల కొంగుల్ల దూరినంక,
కంది చేల మీంచి చలి వస్తుంటే
కిరీటం సర్దుకొని సీసం ఎత్తుకునేటోడు.
ఊళ్ళె ఒక పెద్దమనిషి అన్నడట,
వెనకటికి మీరు వింటే చెవుల్ల సీసం పోసేటోళ్ళురా అని.
నాయన నవ్విండట.
"పోసిండ్రు దొరా.
గదే ఇప్పుడు నోట్లెకెళ్ళి వస్తున్నది."

గరిటె వంచినప్పుడల్లా నా పెదవులు కదుల్తయట.
ఏం చదువుతున్నవ్, దువానా, అని అడిగిండు నిన్న.
పాడిన.
పందొమ్మిదేండ్లు టైర్ల మీద వంగిన గొంతు,
మొదటి పాదం ముడత పడ్డది,
రెండోది గూడ.
మూడోదానికి వేడెక్కింది.
నాలుగో పాదం దించి ఊపిరి తీసుకున్న.
పక్క మిద్దె మీద ఎండవేసిన సొరచేప ముక్కల వాసన.

ముసల్లం మెచ్చుకోలేదు.
"ఆపినవేంది? ఇంకా ఉన్నది గద" అన్నడు.

ఒక్క మాటా తెలవని మనిషికి ఎట్ల తెలిసింది?
ఉన్నది.
సీసం కింద ఎత్తుగీతి ఉంటది.
అది పడందే మద్దెల దించరు, ఆట ముందుకు పోదు.
మర్చిపోయిన.
నాయన పోయి ఆరేండ్లు,
ఆ మేళంల తాళమేసినోళ్ళు సగం భివండీల,
సగం మట్టిల.
ఎవ్వరినడుగుదు?

ముసల్లం ముడత గుండ్లు రెండూ
మళ్ళా చట్టిల వేసిండు.
"జుమ్మాకు" అన్నడు, వచ్చే వారమని.

రాత్రి ఖోర్ ఒడ్డున, ఐజా దీపస్తంభానికి ఎదురుంగ,
తాడు విసిరిన.
గుండు పోతనే ఉన్నది,
వేళ్ళ సందుల నుంచి తాడు పోతనే ఉన్నది,
ఎక్కడో అడుగు తాకింది. చిన్న దెబ్బ. వేలికి తెలిసింది.
అప్పుడొక్క మాట వచ్చింది నోటికి:
"అనుచు..."

అక్కడిదాకనే.
తాడు గుంజి చూస్తే ఎర లేదు.
ఇంకో రొయ్య గుచ్చిన.